సిలికాన్ విరగదు, పక్కది విరుగుతుంది

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో సాండియా జాతీయ ప్రయోగశాల ఉంది. అణ్వాయుధాల ఇంజనీరింగ్ అక్కడి అసలు వృత్తి. అందుకే ఏ భాగం చేతికొచ్చినా ముందు దాన్ని గట్టిగా కొట్టి చూడటం అక్కడివాళ్ళ అలవాటు. 2000లో డానెల్ టానర్ బృందం అలా కొట్టి చూసింది ఒక ఇంజన్ను. పేరుకే ఇంజను, దాని గేరు వ్యాసం మనిషి వెంట్రుక మందానికి అటూ ఇటూగా ఉంటుంది. వంగే స్ప్రింగులు, తిరిగే గేరు, దాన్ని పట్టి ఉంచే 2.5 మైక్రాన్ల పిన్ను, అన్నీ సిలికాన్‌తోనే చేసినవి. దీన్ని 500 జి నుంచి 40,000 జి దాకా మెట్లు మెట్లుగా పెంచుతూ కొట్టారు. చాలా ఇంజన్లు దెబ్బ తిన్నాక కూడా మామూలుగా తిరిగాయి.

పాడైన వాటి కథే ఆసక్తికరం. 4,000 జి దాటేసరికి మొదటి ఇబ్బంది వచ్చింది. అది ఇంజన్లో పుట్టింది కాదు. చిప్పును కోసినప్పుడు అంచుల దగ్గర మిగిలిన సిలికాన్ రజను లేచి వచ్చి, విద్యుత్ భాగాల మధ్య పడి షార్టు చేసింది. 10,000 జి దగ్గర చిప్పును ప్యాకేజీకి అంటించిన జిగురు ఊడిపోయింది. కదిలే భాగాలు ఒకదానికొకటి అతుక్కోకుండా పూసిన రసాయనమే ఆ జిగురు పట్టును బలహీనపరిచిందని తర్వాత తేలింది. 20,000 జి దగ్గరికి వచ్చాక గానీ సన్నటి స్ప్రింగులు, పిన్నులు దెబ్బతినడం మొదలు కాలేదు. వీటికి తోడు అంతకుముందు చూడని ఇంకో రకం షార్టు కూడా కనిపించింది. తీరా చూస్తే, అసలు దెబ్బే తగలకుండా పక్కన పెట్టిన ఇంజన్లలోనూ అది ఉంది. పోల్చి చూసేందుకు కొన్నింటిని విడిగా ఉంచబట్టి సరిపోయింది, లేకపోతే ఆ నింద కూడా దెబ్బ మీదే పడేది.

మొదట చెత్త, తర్వాత జిగురు, అందరూ భయపడే సిలికాన్ వంతు చివర. మెమ్స్ అని పిలిచే ఈ సూక్ష్మ యంత్రాలు కుదుపులను ఎలా తట్టుకుంటాయన్న ప్రశ్న మీద పాతికేళ్ళకు పైగా సాగిన పరిశోధనను తిరగేస్తే, దాదాపు ప్రతిచోటా ఇదే వరస కనిపిస్తుంది.

ముందు కొలత సంగతి. భూమి ఆకర్షణ వస్తువుకు ఇచ్చే త్వరణం ఒక జి. యుద్ధ విమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు పైలట్ తొమ్మిది జిల దాకా ఓర్చుకుంటాడు, అదీ ప్రత్యేకమైన దుస్తులు, శిక్షణ ఉంటేనే. మరి చేతిలోంచి జారిన ఫోను? మీటరున్నర ఎత్తు నుంచి పడితే నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు 5.4 మీటర్లు. ఆ వేగమంతా అర మిల్లీసెకనులో ఆగిపోతే సగటున 1,100 జి. గచ్చు ఇంకా గట్టిదై, పదో వంతు మిల్లీసెకనులోనే ఆగితే 5,500. ఫోన్ల లోపలి భాగాల పరీక్షకు, ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ ప్రమాణం వాడతారు. 1,500 జి, అర మిల్లీసెకను అన్నది దానిలో బాగా వాడుకలో ఉన్న దెబ్బ. లెక్క వేస్తే అది నడుము ఎత్తు నుంచి పడినంత. ఎవరో గాల్లోంచి తీసిన అంకె కాదది.

అదే ఫోనులో త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటరు తరహా చిప్పును చూడండి. అనలాగ్ డివైసెస్ కంపెనీ ఏడీఎక్స్‌ఎల్345 చిప్పు పొడవు 5 మిల్లీమీటర్లు, వెడల్పు 3, మందం ఒకటి. అది 10,000 జి తట్టుకుంటుందని కంపెనీ తన వివరాల పత్రంలోనే రాసిచ్చింది. అద్దం పగిలి, చట్రం వంగి, ఫోను మరమ్మతు దుకాణానికి వెళ్ళినప్పుడు కూడా ఈ చిప్పు మాత్రం ఏది కింద, ఏది పైన అన్నది సరిగ్గానే చెబుతుంటుంది.

ఇంత ఓర్పు ఎక్కడిది? జవాబు సగం 1638లో గెలీలియో అచ్చు వేయించిన పుస్తకంలోనే ఉంది. వస్తువు పరిమాణం పదింతలు తగ్గితే దాని బరువు వెయ్యింతలు తగ్గుతుంది, దాన్ని మోసే కోత వైశాల్యం మాత్రం వందింతలే తగ్గుతుంది. కాబట్టి చిన్నదయ్యే కొద్దీ వస్తువు తన బరువును తాను మరింత సులువుగా మోస్తుంది. కుదుపు చేసే పని కూడా ఇదే: వస్తువు బరువును కాసేపు పెంచి చూపిస్తుంది. మిల్లీమీటరు ఎత్తున నిటారుగా నిలబెట్టిన సిలికాన్ స్తంభం మీద 10,000 జి పడితే దాని పాదం దగ్గర ఒత్తిడి 0.23 మెగాపాస్కల్. బాగా చేసిన సూక్ష్మ సిలికాన్ భాగం వెయ్యి మెగాపాస్కల్ దాకా, ఒక్కోసారి అంతకు మించి తట్టుకుంటుంది. అంటే నాలుగు వేల రెట్ల వెసులుబాటు.

అయితే మెమ్స్‌లో స్తంభాలు తక్కువ, వంగే పట్టీలే ఎక్కువ. వంగేటప్పుడు ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. 500 మైక్రాన్ల పొడవు, రెండు మైక్రాన్ల మందం ఉండి ఒక చివరే పట్టు ఉన్న పట్టీ మీద అదే 10,000 జి పడితే పట్టు ఉన్న మొదలు దగ్గర ఒత్తిడి 85 మెగాపాస్కల్ దాటుతుంది. వెసులుబాటు నాలుగు వేల రెట్ల నుంచి పన్నెండు రెట్లకు దిగింది. ఆ పట్టీ చివర బరువైన దిమ్మ ఒకటి వేలాడితే ఇంకా దిగుతుంది. అయినా ప్రాణాలతోనే ఉంటుంది.

సిలికాన్ పెళుసు పదార్థం, గాజులాంటిదే. లోహంలా సాగి, వంగి, సర్దుకుపోదు. ఆ మాటే చాలాకాలం దాన్ని యంత్ర భాగాలకు దూరంగా ఉంచింది. 1982లో కర్ట్ పీటర్సన్ ఐఈఈఈ పత్రికలో రాసిన ఒక సుదీర్ఘ వ్యాసం ఆ అభిప్రాయాన్ని తిరగేసింది. ఏక స్ఫటిక సిలికాన్ బలం ఉక్కుకు తీసిపోదనీ, దాని పెళుసుదనానికి కారణం ఉపరితలం మీది గీతలూ, అంచుల్లోని పగుళ్ళూ అనీ, వాటిని తగ్గిస్తే యంత్ర పదార్థంగా దానికి సాటి తక్కువనీ ఆయన వాదించారు. చిన్న భాగంలో పగులు ఉండే అవకాశమే తక్కువ. తయారీలో రసాయనం తొలిచిన మూలలు సూదిగా మిగిలిపోతే మాత్రం పగులు అక్కడే మొదలవుతుంది. అందుకే అనుభవమున్న డిజైనరు స్ప్రింగు మొదలును గుండ్రంగా చేస్తాడు.

చిన్నదైతే ఓర్పు ఎక్కువన్న సూత్రం సిలికాన్ రాకముందే యుద్ధంలో పనికొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తయారుచేసిన ప్రాక్సిమిటీ ఫ్యూజు ఫిరంగి గుండు ముక్కులో ఉండే చిన్న రేడియో. గుండు విమానం దగ్గరికి చేరగానే దానంతట అదే పేలాలి. ఆ రేడియోలో ఉన్నవి గాజు వాల్వులు. ఫిరంగి పేలినప్పుడు వాటి మీద పడేది 20,000 జి, దానికి తోడు గుండు గిరగిరా తిరిగే వేగం. చెవిటి మిషన్లకు అప్పటికే వాడుతున్న బుల్లి వాల్వులను మరింత గట్టిపరిచి ఈ పని సాధించారు. 1943 జనవరిలో యుఎస్ఎస్ హెలెనా నౌక ఈ గుండుతో తొలిసారి జపాన్ విమానాన్ని కూల్చింది. గాజే అంత ఓర్చిందంటే కారణం గాజు కాదు, దాని చిన్న పరిమాణమూ, దాన్ని కదలకుండా పట్టుకున్న అమరికా.

ఎన్ని జిలు అన్న ఒక్క ప్రశ్నతో ఈ విషయం తేలదు. ఎంతసేపు అన్నది అంతకన్నా ముఖ్యం. ఈ సంగతిని పద్ధతిగా పేర్చి చూపించినవారు ఎంఐటీకి చెందిన వి.టి. శ్రీకర్, స్టీఫెన్ సెంచూరియా. 2002లో వచ్చిన వారి వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ అందరూ మొదట తెరిచే పుట. వారు మూడు కాలాలను పక్కపక్కన పెట్టారు. ఒకటి, శబ్ద తరంగం వస్తువును ఈ చివర నుంచి ఆ చివరికి దాటే సమయం: మిల్లీమీటరు సిలికాన్‌లో అది మైక్రోసెకనులో పదో వంతుకు కొంచెం ఎక్కువ. రెండు, వస్తువు తనంతట తాను ఒకసారి ఊగే సమయం: 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఊగే దిమ్మకు 50 మైక్రోసెకన్లు. మూడు, దెబ్బ నిలిచే సమయం: ఫోను పడినప్పుడు వందల మైక్రోసెకన్ల నుంచి కొన్ని మిల్లీసెకన్ల దాకా. దెబ్బ వస్తువు ఊపు కన్నా బాగా నిదానమైతే వస్తువుకు అది దెబ్బలాగే అనిపించదు. కాసేపు బరువు పెరిగి తగ్గినట్టుంటుంది, అంతే. పొడవాటి ఓడ పెద్ద అల మీద రెండు శిఖరాల మధ్య చిక్కి వంగిపోతుంది. విశాఖ తీరంలో జాలరి తెప్ప అదే అల మీద ఎక్కి దిగిపోతుంది. మెమ్స్ పరికరాల్లో చాలావరకు తెప్పలు.

ఇక్కడ భూకంపాల ఇంజనీర్ల నుంచి అప్పు తెచ్చుకున్న పనిముట్టు ఒకటి ఉపయోగపడుతుంది. భూమి కంపించినప్పుడు ఏ ఎత్తు భవనం ఎంత ఊగుతుందో ఒకే రేఖాచిత్రంలో చూపే పద్ధతికి మారిస్ బియో 1932లో కాల్టెక్ సిద్ధాంత గ్రంథంలో పునాది వేశారు. క్షిపణులు, రాకెట్లు, ఫోన్లు పరీక్షించేవారు దాన్నే చేతికి తీసుకున్నారు. భవనం ఉన్నచోట చిప్పును పెట్టారు.

రేఖాచిత్రం చూస్తే తెప్పకూ ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది. రాకెట్ దశలు విడిపోయేటప్పుడు, ఉపగ్రహం నుంచి కవచం ఊడేటప్పుడు పేలుడు బోల్టులు, పేలుడు తీగలు వాడతారు. శ్రీహరికోట నుంచి ఎగిరే ప్రతి రాకెట్‌లోనూ ఈ ఘట్టాలుంటాయి. ఆ పేలుళ్ళ కుదుపు కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది. కానీ అందులో పదుల కిలోహెర్ట్జ్ దాకా కంపనాలు నిండి ఉంటాయి. రాకెట్ చట్రం లాంటి పెద్ద కట్టడాలు అంత వేగపు కంపనాన్ని పట్టించుకోవు. తిరుగుడును కొలుస్తూ, సహజంగా 10 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఊగే జైరోస్కోపుకు మాత్రం అది సరిగ్గా తన తాళంలో పడ్డ దెబ్బ. నేల మీద పడితే చలించని పరికరం, అంతకన్నా తక్కువ జిల పేలుడు కుదుపుకు పాడయ్యే అవకాశం ఉంది. కొనేవారు వివరాల పత్రంలో జి అంకె పక్కన కాలం కూడా రాసి ఉందో లేదో చూడాలనడానికి ఇదే కారణం. చాలా పత్రాల్లో అది చిన్న అక్షరాల్లో, కొన్నిటిలో అసలు లేకుండా ఉండటం ఈ పరిశ్రమ మానుకోవలసిన అలవాటు.

దెబ్బను కొలిచే పరికరమే దెబ్బకు బలైన కథ కూడా ఉంది. ఎండెవ్కో కంపెనీ 7270ఎ పేరుతో సిలికాన్‌లో తొలిచి చేసిన యాక్సిలరోమీటరు గట్టి లక్ష్యాలను ఢీకొట్టే ఆయుధాల పరీక్షల్లో దశాబ్దాలు వాడారు. దానిలో ఒక రకం 2,00,000 జి దాకా కొలుస్తుంది. సహజ పౌనఃపున్యం, అంటే అది తనంతట తాను సెకనుకు ఊగే లెక్క, 12 లక్షల హెర్ట్జ్. ఇంత ఎత్తున ఊగేదాన్ని ఏ దెబ్బ అందుకోగలదు అనుకుంటాం. లోహం లోహానికి తగిలినప్పుడు పుట్టే కంపనం అంత ఎత్తుకూ వెళుతుంది. ఆ పరికరంలో ఊపును అణిచే ఏర్పాటు దాదాపు లేకపోవడంతో, ఒక్క క్షణం తాళం కలిస్తే సిలికాన్ తన హద్దు దాటి ఊగి విరిగేది. తర్వాతి తరం పరికరాల్లో లోపల గాలి అడ్డుగా పనిచేసే సందులు, మితిమీరి కదలకుండా ఆపే గోడలు పెట్టారు.

గోడల సంగతికి వస్తే, అక్కడే మెమ్స్ డిజైన్ అసలు చిక్కుముడి ఉంది. 1990ల మొదట్లో కార్ల ఎయిర్‌బ్యాగుల కోసం వచ్చిన ఏడీఎక్స్‌ఎల్50 యాక్సిలరోమీటరు సంగతి చూద్దాం. దానిలో కదిలే దిమ్మ బరువు మైక్రోగ్రాములో పదో వంతు. 10,000 జి దగ్గర కూడా అది ఒక్క మిల్లీగ్రాము బరువే తూగుతుంది. దువ్వెన పళ్ళలాంటి దాని వేళ్ళకూ, పక్కనున్న స్థిర వేళ్ళకూ మధ్య సందు 1.3 మైక్రాన్లు. సహజ పౌనఃపున్యం 24 కిలోహెర్ట్జ్ కాబట్టి ఒక జికి అది కదిలేది నానోమీటరులో సగం కూడా కాదు. అయితే వేల జిలు పడితే ఆ కదలిక సందును దాటిపోతుంది. వేళ్ళు తగులుకుంటాయి. తగులుకుంటే మూడు ప్రమాదాలు: విద్యుత్ షార్టు, అంచులు చిట్లి రజను రాలడం, అతుక్కుపోవడం.

ఈ మూడింటిలో అతుక్కుపోవడమే నిశ్శబ్దంగా చంపుతుంది. మైక్రాన్ల లోకంలో బరువుకు విలువ లేదు, ఉపరితలాలదే రాజ్యం. నునుపైన రెండు సిలికాన్ తలాలు ఒకసారి తాకితే అణువుల మధ్య ఆకర్షణ, కాస్త తేమ, మిగిలిపోయిన విద్యుదావేశం కలిసి వాటిని పట్టేస్తాయి. స్ప్రింగుకు వెనక్కి లాగే బలం చాలదు. తయారీలో కూడా ఇదే గండం: చివర నీళ్ళతో కడిగి ఆరబెడితే, ఆరిపోయే నీటి బొట్టే దిమ్మను కిందికి లాగి అంటించేస్తుంది. అందుకని నీటి బదులు కార్బన్ డయాక్సైడును ద్రవానికీ వాయువుకూ మధ్య స్థితిలో ఉంచి ఆరబెట్టే పద్ధతి 1990లలో వచ్చింది. దిమ్మ అడుగున చిన్న బొడిపెలు పెట్టి తాకే వైశాల్యం తగ్గించడం, ఒక్క అణువు మందాన అతుక్కోనివ్వని పూత పూయడం ఇప్పుడు మామూలు పనులు. అయితే సాండియా వారికి జిగురును బలహీనపరిచింది ఇలాంటి పూతే. ఒక చోట పెట్టిన మందు ఇంకో చోట వికటించింది.

అడ్డుగోడ ఎలా ఉండాలన్నది మరో తగవు. గట్టి గోడ పెడితే దిమ్మ దానికి కొట్టుకుని, ఆ దెబ్బే కొత్త దెబ్బగా మారుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఖలీల్ నజాఫీ బృందం రెండు రకాల మెత్తటి అడ్డులను పరీక్షించింది. ఒకటి వంగే కొద్దీ బిగుసుకునే చిన్న సిలికాన్ స్ప్రింగు, రెండోది మెత్తటి పదార్థం పూసిన గోడ. 2006 ప్రాంతంలో ప్రచురించిన ఫలితాల్లో, మామూలు గట్టి గోడలున్న పరికరాలతో పోలిస్తే సిలికాన్ స్ప్రింగు అడ్డులున్నవి సుమారు ఇరవై రెట్లు ఎక్కువగా బతికాయి. మిల్లీమీటరులో కొద్ది భాగం స్థలం ఖర్చు తప్ప వీటికి అదనపు తయారీ దశలు పెద్దగా అక్కర్లేదు.

యాక్సిలరోమీటరుకు లోపల గాలి ఉండటం వరం. సందుల్లో చిక్కిన గాలి నలిగి, దిమ్మ ఊపును అణుస్తుంది. జైరోస్కోపుకు ఆ వరం లేదు. తిరుగుడును కొలవాలంటే అది నిరంతరం స్వేచ్ఛగా ఊగుతుండాలి కాబట్టి దాన్ని శూన్యంలో బిగిస్తారు. ఒక దెబ్బ తగిలితే గంట మోగినట్టు అది సెకనులో పదో వంతు దాకా మోగుతూనే ఉంటుంది.

అసలు సిలికాన్ కాని మెమ్స్ కూడా ఉన్నాయి. వాటిలో బాగా పేరు మోసింది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ల్యారీ హార్న్‌బెక్ 1987లో రూపొందించిన అద్దాల చిప్పు. తెలుగు రాష్ట్రాల్లో ఫిల్ము రీళ్ళు పోయి డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చిన చాలా థియేటర్లలో బొమ్మ తెర మీద పడేది దీని గుండానే. 2కె చిప్పు మీద 22 లక్షల అల్యూమినియం అద్దాలు ఉంటాయి. ఒక్కో అద్దం సన్నటి లోహపు కీలు మీద సెకనుకు వేల సార్లు అటూ ఇటూ వాలుతుంది. లోహం అలిసిపోయి తెగుతుందని మొదట్లో అందరూ అన్నారు. లక్ష కోట్ల సార్లు వాల్చినా తెగలేదు. కుదుపుల విషయంలో దానికి బెంగే లేదు: అద్దాల సహజ పౌనఃపున్యం లక్ష హెర్ట్జ్ పైనే, ప్రొజెక్టర్ను లారీ మీంచి దించుతూ జారవిడిచినా ఆ కంపనం అంత ఎత్తుకు వెళ్ళదు. లెన్సు పగలొచ్చు, దీపం పగలొచ్చు. హార్న్‌బెక్‌కు 2015లో ఆస్కార్ సాంకేతిక పురస్కారం వచ్చింది.

మెమ్స్ మైక్రోఫోను వేరే జాతి. దాని పొర మైక్రాను మందమే, వ్యాసం మాత్రం మిల్లీమీటరు దాకా. బయటి గాలికి తెరిచి ఉండే రంధ్రం ఒకటి దానికి తప్పనిసరి. ఫోను ఆ రంధ్రం వైపు నేలకు పడినప్పుడు ముందున్న గాలి నలిగి రంధ్రంలోకి దూసుకొస్తుంది. పొరను చించేది దాని సొంత బరువు కన్నా ఎక్కువగా ఈ గాలి తాకిడే. కంప్రెసర్ గాలితో ఆ రంధ్రాన్ని ఊదవద్దని తయారీదారులు హెచ్చరించేదీ ఇందుకే. ఫోను రిపేరు షాపుల్లో దుమ్ము పోగొట్టే తొందరలో ఎక్కువగా మరిచిపోయే సంగతి ఇది.

ఇక చిప్పు చుట్టూ ఉన్న లోకం. సర్క్యూట్ బోర్డు దెబ్బకు వంగుతుంది, దాని మీద ప్యాకేజీని పట్టిన టంకం ఆ వంపును మోయాలి. 2006 జులైలో ఐరోపాలో సీసంపై నిషేధం అమల్లోకి వచ్చాక పరిశ్రమ తగరం, వెండి, రాగి కలిసిన టంకానికి మారింది. అది గట్టిది, గట్టిది కాబట్టే పడినప్పుడు పెళుసుగా విడిపోయే గుణం ఎక్కువ. పడినప్పుడు పరికరం ఒకసారితో ఆగదు కూడా. బెల్ ల్యాబ్స్‌లో సురేశ్ గోయల్ బృందం 1990ల చివర్లో చూపినట్టు, ఏటవాలుగా పడిన వస్తువు ఒక మూల తగిలాక రెండో కొస మొదటి దాని కన్నా వేగంగా నేలకేసి కొట్టుకోగలదు. ల్యాబులో సమాంతరంగా, ఒక్క దెబ్బగా చేసే పరీక్షలో ఈ రెండో దెబ్బ కనిపించదు.

విచిత్రమేమిటంటే చిప్పు జీవితంలో అతి పెద్ద దెబ్బలు ఫోనులోకి చేరకముందే తగులుతాయి. ఫోను మొత్తం బరువు, ప్లాస్టిక్కు, జిగురు కలిసి దెబ్బను సాగదీసి నెమ్మది చేస్తాయి. ఒంటరి చిప్పు మీటరు ఎత్తు నుంచి ఉక్కు బల్ల మీద పడి 20 మైక్రోసెకన్లలో ఆగితే అది 22,000 జి దాటుతుంది. బల్ల మీద ట్రేను బలంగా పెట్టడం, పట్టకారుతో తట్టడం కూడా లెక్కలోకి వస్తాయి. అల్ట్రాసోనిక్ తొట్టిలో బోర్డులు కడిగే అలవాటు ఇంకా దారుణం. ఆ తొట్టి పనిచేసేది 20 నుంచి 40 కిలోహెర్ట్జ్ మధ్య, సరిగ్గా జైరోలు ఊగే చోట.

ఫోనులో చేరాక జరిగే నష్టానికి ఉదాహరణ మోటారు సైకిలు హ్యాండిలు మీద కనబడుతుంది. 2021 సెప్టెంబరులో యాపిల్, ఐఫోన్లను పెద్ద ఇంజన్ల బైకులకు నేరుగా బిగిస్తే కెమెరా పాడవచ్చని హెచ్చరించింది. అక్కడ బలహీనమైనది సిలికాన్ జైరో కాదు. అయస్కాంతం, తీగచుట్ట మధ్య వేలాడే లెన్సు, అంటే మెమ్స్ కన్నా లక్షల రెట్లు బరువైన భాగం. పైగా అది కుదుపు కాదు, గంటల తరబడి సాగే అదురు. హైదరాబాదులో రోజంతా మ్యాపు చూస్తూ బండి నడిపే డెలివరీ కుర్రాళ్ళు బిగింపుకు రబ్బరు ఉన్న స్టాండు కొనుక్కోవడం అందుకే తెలివైన పని.

కారు టైరులో గాలి చూసే సెన్సరు మాత్రం ఎవరూ జాలిపడని కష్టజీవి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు చక్రం అంచున దాని మీద ఆగకుండా 260 జి ఉంటుంది. వేగం 200 అయితే వెయ్యి దాటుతుంది. 2022 ఖతార్ ప్రపంచ కప్పులో ఫుట్‌బాల్ నడిమధ్య వేలాడదీసిన సెన్సరు ప్రతి తన్నునూ భరిస్తూ సెకనుకు 500 సార్లు లెక్కలు పంపింది.

అన్నిటికన్నా కఠినమైన పరీక్ష 1999 డిసెంబరు 3న జరిగింది. నాసా డీప్ స్పేస్ 2 పేరుతో అంగారకుడి మీదికి రెండు చిన్న శూలాలను పారాచూట్ గానీ, బ్రేకులు గానీ లేకుండా వదిలింది. అవి నేలకు గుచ్చుకున్నప్పుడు లోపలికి దిగే భాగం 30,000 జి, పైన ఆగిపోయే భాగం 60,000 జి తట్టుకోవాలి. భూమి మీద గాలి తుపాకులతో కొట్టి వాటి ఎలక్ట్రానిక్సును పరీక్షించారు. అంగారకుడి నుంచి మాత్రం ఒక్క సంకేతమూ రాలేదు. సెన్సరు విరిగిందో, బ్యాటరీ పోయిందో, యాంటెన్నా మట్టిలో పడిందో తేల్చేందుకు ఆధారమే మిగల్లేదు. ఆ శూలాల నుంచి మిగిలిన పాఠం ఒక్కటే: భాగాలు విడివిడిగా నెగ్గిన పరీక్షల చీటీలన్నీ కలిపినా అది మొత్తం పరికరం నెగ్గిన పరీక్ష అవదు.

సిలికాన్‌కు అలసట ఉందా అన్న వాదన ఇంకోటి. ముద్దగా ఉన్న సిలికాన్ మామూలు వేడిలో అలసిపోదని చాలాకాలం నమ్మకం. తర్వాత సన్నటి పొరలు కోట్ల సార్లు వంగాక తక్కువ ఒత్తిడికే తెగడం కనబడింది. బర్క్‌లీలో రాబర్ట్ రిచీ బృందం ఉపరితలం మీది ఆక్సైడ్ పొర మందమై పగలడమే కారణమంది. కేస్ వెస్టర్న్ విశ్వవిద్యాలయం వారు, రసాయన తినివేత ఒక్కటే కారణమైతే లెక్క కుదరదని 2002లోనే సైన్స్ పత్రికలో అడ్డు చెప్పారు. కుదుపుల లెక్కన చూస్తే, శూన్యంలో ఊగే జైరో ఒక్క దెబ్బకు కొన్ని వేల సార్లు ఊగి ఆగుతుందనుకుంటే, అంత గట్టి ఊగులు వంద కోట్లకు చేరాలంటే లక్షల సార్లు కింద పడాలి. ఫోను యజమాని ఎంత అజాగ్రత్త మనిషైనా అంత దాకా రాడు. మిల్-ఎస్‌టీడీ-883 అనే సైనిక ప్రమాణం అడిగేది ఆరు దిక్కుల్లో ఐదేసి చొప్పున ముప్పై దెబ్బలే.

ఇప్పుడు పరిశోధకులను తొలుస్తున్నది మరో సంగతి. దెబ్బ తిన్న చిప్పు విరగదు, ఆగదు, సున్నాను మాత్రం కొంచెం మరిచిపోతుంది. ప్యాకేజీలో జిగురు సర్దుకుని, టంకం కొద్దిగా సాగి, దిమ్మ కదలకపోయినా కదిలిందని చెబుతుంది. ఫోను తెర తిరగడానికి ఆ తప్పు చాలా తక్కువ. కానీ 155 మిల్లీమీటర్ల ఫిరంగి నుంచి పదివేల జికి పైగా కుదుపుతో బయటపడి, ఆ వెంటనే తన దారి తాను చూసుకోవలసిన ఎక్స్‌కాలిబర్ లాంటి గుండుకు అదే అసలు ఇబ్బంది. ఒక జిలో వందో వంతు తప్పు ఉన్నా, ఒక్క నిమిషంలో అది లెక్క వేసుకున్న చోటు అసలు చోటు నుంచి 176 మీటర్ల దూరం వెళుతుంది. అందుకే ఎక్స్‌కాలిబర్ దారి పొడవునా జీపీఎస్‌ను అడుగుతుంది. జీపీఎస్‌ను అడ్డుకునే జామర్లు యుద్ధభూమిలో పెరిగిన కొద్దీ, దెబ్బ తర్వాత కూడా సున్నాను కదలనివ్వని ప్యాకేజీ కోసం ప్రయోగశాలలు మళ్ళీ జిగురు దగ్గరికే వెళ్ళి కూర్చుంటున్నాయి.